బురుజుకో నాష్టా

రియాద్ శివారు సులై గోదాముల్లో బేరమాడటంలో నన్ను మించినవాడు లేడు. ఊరికే అనడం లేదు, రుజువుంది. రియాద్ నగరం లైను నా చేతిలో ఉండేది. రోజుకు ఇరవై అంగళ్లు, ఎక్కడికెళ్లినా అరగంటలో చేరిపోవడం, అడక్కముందే ఆర్డరు రాసిచ్చే గిరాకీలు. అలాంటి లైనును వదిలేసి, ముహాఫజాల లైనును బేరమాడి మరీ తెచ్చుకున్నాను. పైగా ఆ మార్పిడికి ఎదురు నా పండగ బోనసులో సగం వదులుకున్నాను. ఇంతకంటే గొప్ప బేరం చేసినవాడు ఎవడైనా ఉంటే ముందుకు రమ్మనండి.

ముహాఫజా అంటే మన జిల్లాకు చిన్న, మండలానికి పెద్ద. ఒక్క రియాద్ ప్రాంతంలోనే అలాంటివి ఇరవై దాకా ఉన్నాయి. మాది కొళాయిలు, పైపులు, నీటి మోటార్లు టోకున అమ్మే కంపెనీ. నగరంలో అయితే పక్క గోదాము వాడు రియాల్ తగ్గిస్తే గిరాకీ అటు జారుకుంటాడు. బయటి పట్టణాల్లో పోటీ ఉండదు, ఎండలకు మోటార్లు కాలిపోతూనే ఉంటాయి, కూర్చున్న చోటికి కమీషను నడిచొస్తుంది. ఇదీ నా లెక్క. మా మేనేజరు కేరళ ఆయన, నా మొదటి మాటకే తలూపాడు. ప్రొద్దుటూరులో మా నాన్న స్టీలు పాత్రల అంగట్లో పెరిగినవాణ్ణి నేను. గిరాకీ మొదటి మాటకే సరేనంటే మనమే ఎక్కడో పప్పులో కాలేశామని ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. ఆ రోజు మాత్రం నా తెలివికి నేనే మురిసిపోతూ ఉన్నాను, ఈ సంగతి గుర్తు రాలేదు.

మొదటి వారంలోనే గుర్తొచ్చింది. నగరంలో ఇరవై అంగళ్లు తిరిగే పొద్దులో ఇక్కడ మూడు తిరగ్గలిగితే గొప్ప. ఆ మూడింట్లోనూ ఆర్డరు కంటే ముందు గహ్వా వస్తుంది. పసుపుపచ్చగా, యాలకుల వాసనతో, గుక్కెడు మాత్రం పట్టే పిడిలేని కప్పులో పోసే కాఫీ అది. ఒక ఖర్జూరం, ఒక గహ్వా, మా దగ్గర వాన పడింది, మీ దేశంలో పడిందా, ఇంకో ఖర్జూరం, ఇంకో గహ్వా, ఆ తర్వాత నాలుగు కొళాయిలు. చాలనుకున్నవాడు కప్పును అటూ ఇటూ ఆడించి తిరిగివ్వాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు. నేను ఆడించేవాణ్ణి కాదు. ఊరికే వస్తున్నదాన్ని ఎందుకు ఆపాలి?

బండి నడిపేది రాయచోటి వైపు సాయిబు, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నేను భాయ్ అని పిలుస్తాను. ఆయన నన్ను శెట్టీ అంటాడు. శెట్టిని కాదు భాయ్ అని ఎన్నిసార్లు చెప్పినా, "అంగట్లో పెరిగినావు గదా, ఇంగేంది నువ్వు?" అనేవాడు.

రెండో వారం మరాత్ నుంచి షక్రాకు వెళ్తుండగా ఉన్నట్టుండి బండి పక్కకు తీశాడు. టైరు పోయిందనుకున్నాను. ఆయన దిగి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని, దూరంగా తోపుల మధ్య నిలబడ్డ మట్టి బురుజు వైపు చాలాసేపు చూశాడు. తల అడ్డంగా ఊపి మళ్లీ ఎక్కాడు.

"ఇది గాదు," అన్నాడు.

"ఏది గాదు?"

"శెట్టీ, నాకు ఎగ్జిట్ పడిపోయింది. ఇంగ ఆరు వారాలే, ఇంటికి పోతా. దావలో మర్కబ్ యాడ కనబడినా బండి ఆపుకుంటా. పది నిమిషాలు. కాదనగాకు."

మర్కబ్ అంటే కావలి బురుజు. పూర్వం తోపుల మీదికి దోపిడీదార్లు వస్తున్నారేమో కనిపెట్టడానికి ఒక మనిషి ఎక్కి కూర్చునేవాడట. నజ్ద్ అనే ఈ నడిమి ప్రాంతపు పట్టణాల్లో ఎక్కడ చూసినా ఒకటి ఉంటుంది. అది ఎందుకు కావాలో అడిగితే, షక్రా చేరేదాకా చెబుతూనే ఉన్నాడు.

"ముప్పై ఏండ్ల కింద డ్రైవర్ వీసా అని వస్తే, ఎయిర్‌పోర్టు కాణ్ణుంచి పికప్పులో యాడికో తోలకపోయి మేకల ముందర నిలబెట్టినారు. ఊరి పేరు గూడా నాకు తెల్దు. అందురూ మజ్రా అనేవాళ్లు. మజ్రా అంటే తోట. ఈ దేశంలో తోట లేని ఊరు యాడుండాది? దొడ్డికాడ నిలబడితే ఎదురుంగా మర్కబ్. పడమటి పక్క పైన ఇరిగిపోయి, కొరికిన బెల్లమచ్చు మాదిరి ఉండేది. ఒకరోజు మద్యాన్నం నాకు కన్నంటుకునింది. లేసి సూస్తే రెండు మేకలు పాతబాయిలో పడినాయి. ఆ బాయికి గోడ గూడా లేదు. భయమేసి అట్నే రోడ్డుకు పరిగెత్తినా. ఏదో లారీ ఎక్కినా. పట్టుకుని ఇంటికి పంపించినారు, రెండేండ్లకు వేరే వీసా మీద మళ్లీ వచ్చినా."

"వీసా ఇచ్చి పెట్టుకున్న ఆ కఫీల్ చెడ్డోడా భాయ్?"

"చెడ్డోడైతే నాకీ బాధ యాడుంటాది? పొద్దుమునిగితే ఆయన పళ్లెంలోనే చెయ్యిపెట్టి తినమనేవాడు. ఎనిమిది నెల్లు తిన్యా."

రాయచోటి సాయిబుల్లో ఒక పద్ధతి ఉంది. హజ్‌కు పోయేటప్పుడో, ఉన్న ఊరు శాశ్వతంగా వదిలేటప్పుడో, తెలిసినవాళ్లందరి దగ్గరికీ వెళ్లి "కహా సునా మాఫ్" అని అడుగుతారు. అన్నవీ విన్నవీ అన్నీ మన్నించమని. ఆ ఆరువారాల్లో భాయ్ మేముండే సులై క్యాంపులో ఒక్కొక్క గదికీ వెళ్లి అడిగాడు. మేనేజర్ని అడిగాడు. టీ కొట్టు బంగ్లాదేశ్ వాణ్ణి అడిగాడు. మిగిలింది ఆ మేకల యజమాని. ఆయన్ని అడక్కుండా విమానం ఎక్కితే ఈ ముప్పై ఏళ్లూ తన ఒంటికి అంటుకునే వస్తాయని ఆయన బాధ.

ఇంత విన్నాక ఎవరైనా ఏమంటారు? పద భాయ్, వెతుకుదాం అంటారు. నేనేమన్నానంటే, "ఆపుకో. అయితే ఆపినప్పుడల్లా నాష్టా నీది."

భాయ్ రోడ్డు మీది నుంచి చూపు తిప్పి నన్ను చూశాడు. "సచ్చేటోడు నీళ్లడిగినా గలాసుకు బాడిగ అడుగుతావు గదా శెట్టీ నువ్వు!"

"గలాసు ఇత్తడిదైతే అడుగుతా."

అట్లా ఖాయమైంది. బురుజుకో నాష్టా. తందూరు నుంచి తీసిన చాపంత తమీజ్ రొట్టె, మీద నూనె పోసిన ఫూల్ అనే చిక్కుడుగింజల ముద్ద, రెండు టీలు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. మొదట్లో బురుజు కనబడితే నా కళ్లు రొట్టె దుకాణం కోసం వెతికేవి. నాలుగోదో ఐదోదో వచ్చేసరికి భాయ్ కంటే ముందు నేనే దిగుతున్నాను. మా సీమ పల్లెల్లోనూ బురుజులున్నాయి. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఊళ్లో ఒకదాని నీడలో గోలీలాడాం, దానికి పిడకలు కొట్టేవాళ్లు. అది ఎందుకు కట్టారని ఏ రోజూ ఎవర్నీ అడగలేదు. ఇక్కడ వేల మైళ్లు వచ్చి, కొళాయిల క్యాటలాగు చంకలో పెట్టుకుని, అరబ్బు ముసలాళ్లను అడుగుతున్నాను: ఎవరు కట్టారు, ఎవరికి భయపడి కట్టారు, పైన కూర్చున్నవాడికి జీతం ఎవరిచ్చేవాళ్లు?

ఈ చివరి ప్రశ్న అంగడివాళ్లకు బాగా నచ్చేది. థాదిక్ వైపు ఒకాయన, కావలివాడికి జీతం ఉండేది కాదు, కోతలప్పుడు ఒక్కో తోపు నుంచి కొంత ఖర్జూరం కొలిచి ఇచ్చేవాళ్లు అన్నాడు. మా తలారికి కళ్లంలో ఇచ్చే గింజలు గుర్తొచ్చాయి. ఇంకో ఊళ్లో పాత మట్టి ఇంటినే ప్రదర్శనశాలగా పెట్టుకున్న ఒక పెద్దమనిషి తోలు తొండం, చెక్క గిలక చూపించి, ఒంటెలు ఏటవాలులోకి నడుస్తూ బావిలో నీళ్లు లాగేవని చెప్పబోయాడు. నేనే ముందు చెప్పేశాను. ఒంటెల బదులు ఎద్దుల్ని కడితే అది మా కపిల. గిలక కిర్రుమనే చప్పుడు కూడా నోటితో చేసి చూపించాను. ఆయన సరిగ్గా అట్లాగే ఉంటుందని నవ్వి, ఇద్దరం కలిసి కాసేపు కిర్రుమన్నాం. భాయ్ గడప దగ్గర నిలబడి, "సరకు అమ్మేకి వచ్చినామా, నాటకమాడేకి వచ్చినామా?" అన్నాడు. ఆ ఊళ్లో ఒక్క పైపు కూడా అమ్మలేదు.

షక్రాలో అయితే అంగడి అరుగు మీద కూర్చున్న ఒక ముసలాయన, తన తాత బొంబాయి దాకా వెళ్లి బట్టలు తెచ్చి అమ్మేవాడని చెప్పాడు. నేను ప్రొద్దుటూరు నుంచి ఇక్కడికి, ఆ తాత ఇక్కడి నుంచి బొంబాయికి. బేరం ఎవరు బాగా చేసేవాళ్లని అడిగాను. "మా తాత," అన్నాడు తడుముకోకుండా. "ఆయన తిరిగొచ్చాడు కదా."

వెతకడంలో అసలు చిక్కు వేరే ఉంది. బురుజులన్నీ బాగుచేశారు. పాత కట్టడాలను కాపాడాలని ఊరూరా మట్టి పూసి, అంచులు సరిచేసి, కింద దీపాలు పెట్టారు. చూడ్డానికి బాగున్నాయి. కానీ భాయ్ గుర్తు విరిగిన అంచు. ఇప్పుడు దేనికీ విరిగిన అంచు లేదు. హురైమిలా, మజ్మా, ఘాత్, ఎక్కడ చూసినా నున్నటి తలలే. "ఇది అయ్యుండచ్చు," అనేవాడు ప్రతిదాన్నీ చూసి. తర్వాత, "కాదేమో," అనేవాడు. ఎనిమిదో నాష్టా నాటికి ఆయన తినడం తగ్గించాడు. రొట్టె తుంచి నా వైపు తోసి, ఎగ్జిట్ తేదీకి ఇంకెన్ని రోజులో వేళ్లు మడిచేవాడు. తొమ్మిదోదానికి నాకూ అంత రుచి అనిపించలేదు. అయినా తిన్నాను.

పదో బురుజు దగ్గర నాకు బుద్ధి వెలిగింది. మట్టి కలపాలంటే నీళ్లు కావాలి, నీళ్లకు పైపు కావాలి, ఎక్కడానికి నిచ్చెన కావాలి. ఏ బురుజు బాగుచేసినా ఆ సామాను ఆ ఊరి హార్డ్‌వేర్ అంగట్లోనే కొనుంటారు. గుర్తు చరిత్రలో పోయినా అంగడివాడి బుర్రలో పోదు. ఇంతకాలం బురుజు ఎవరు కట్టారని అడిగినవాణ్ణి, ఆ రోజు నుంచి, బాగుచేయకముందు ఏ పక్క పడిపోయి ఉండేది అని అడగడం మొదలుపెట్టాను.

ఆ తర్వాతి వారం ఒక చిన్న పట్టణంలో అంగడి నడిపే యెమెన్ ఆయన కొళాయి మర తిప్పి చూస్తూనే జవాబిచ్చాడు. "పడమర. సగం పైభాగం లేదు. వంద మీటర్ల పైపు నా దగ్గరే తీసుకున్నారు." బురుజు ఎదుటి తోట ఎవరిదని అడిగాను. చెప్పాడు. ఆ తోటలో పూడ్చేసిన పాతబావి ఉందా అని భాయ్ రెండుసార్లు అడిగాడు. యెమెన్ ఆయన మర కింద పెట్టి మమ్మల్ని పరీక్షగా చూసి, తోట యజమాని కొడుక్కి ఫోను చేశాడు. కొడుకు ఒక్కటే మాట అన్నాడు, రమ్మనమని. ఆ పట్టణం పేరు రాయను. ఆ ఇంటివాళ్లు నన్ను రాయమనలేదు.

అతిథుల్ని కూర్చోబెట్టే మజ్లిస్ గదిలో నేల మీద తివాచీలు, గోడ వారగా దిండ్లు. పెద్దాయన బాగా ముసలివాడైపోయాడు, చేతికర్ర ఒళ్లో అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు. నలభై ఏళ్ల కొడుకు నిలబడే గహ్వా పోశాడు. నాకు దాహంగా ఉంది. మొదటి కప్పు ఒక్క గుక్కలో తాగి రెండోదానికి చెయ్యి చాచాను. భాయ్ తన కప్పు అందుకున్నాడు. పెదాలకు తాకించలేదు. మోకాళ్ల ముందు తివాచీ మీద పెట్టేశాడు.

"భాయ్, తాగు, సల్లారిపోతాది," అని తెలుగులో గొణిగాను.

ఆయన నా వైపు చూడలేదు. కొడుకు పోయడం ఆపేశాడు. పెద్దాయన చూపు భాయ్ ముఖం మీద కాదు, ఆ కప్పు మీద ఉంది.

"నీ అవసరమేమిటో చెప్పు," అన్నాడు పెద్దాయన.

ఆ పద్ధతి నాకు తర్వాత తెలిసింది. ఏదైనా కోరడానికి వచ్చినవాడు ఈ దేశంలో ముందు కప్పు తాగడు, కింద పెడతాడు. ఇంటాయన "నీ గహ్వా తాగు" అంటే అడిగింది ఇచ్చినట్టు. ఆ మాట రాకపోతే తాగకుండానే లేచి వెళ్లాలి. అది ఇద్దరికీ తలవంపులే. ఎనిమిది నెలలు ఒకే పళ్లెంలో తిన్న మనిషికి ఇది తెలుసు. నెలన్నరగా ఊరూరా ఉచిత గహ్వా లాగిస్తున్న నాకు తెలియదు.

భాయ్ చెప్పాడు. నిద్ర, మేకలు, బావి, లారీ. ఆయన అరబ్బీ నాదానికంటే మంచిది, కానీ మధ్యలో చాలాసార్లు ఆగింది. నాకు అది అంగట్లో బేరం తెగక ఆగినట్టు అనిపించింది. నాకు తెలిసిన పని ఒకటే కాబట్టి ఆ పనే చేశాను.

"అయ్యా, మేకలకు ధర కడదాం," అన్నాను. "అప్పటి ధర కడితే న్యాయం. పైగా అందులో ఒకటి ముసలిదని ఈయన..."

"నోరు మూసుకో శెట్టీ," అన్నాడు భాయ్ తెలుగులో, తల తిప్పకుండా.

మూసుకున్నాను. కొడుక్కి ఆ తెలుగు అర్థమైనట్టే ఉంది.

పెద్దాయన చేతికర్ర పక్కన పెట్టి అన్నాడు. "మేం బావిలో మూడింటి కోసం వెతికాం."

భాయ్‌కి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"రెండు మేకలు, నువ్వు. వాటిని తీయబోయి నువ్వూ పడ్డావనుకున్నాం. ఇద్దరిని తాళ్లతో దించాను. మేకలు దొరికాయి. నువ్వు దొరకలేదు. పొద్దుపోయేదాకా బురద తోడించాను. మర్నాడూ తోడించాను. ఆ తర్వాత ఆ బావిని చూడలేక రాళ్లతో పూడ్పించేశాను."

ముప్పై ఏళ్లు రెండు మేకలని లెక్కేసుకున్న మనిషి ముందు ఇప్పుడు ఒక బావి, తన సొంత చావు వచ్చి పడ్డాయి. భాయ్ రెండు చేతులూ తివాచీ మీద ఆనించి తల వంచేశాడు. కప్పు మీద ఆవిరి ఎప్పుడో ఆగిపోయింది. లేచి వెళ్లిపోవాల్సి వస్తుందేమోనని నా చెప్పులు ఎక్కడ విడిచానో చూసుకున్నాను.

"నీ రెండు నెలల జీతం నా దగ్గరే ఉండిపోయింది," అన్నాడు పెద్దాయన. "ఎవరికి పంపాలో తెలియలేదు. అది నా మెడ మీద ఉంది. నువ్వు అడగడానికి వచ్చావు. ముందు నేను అడుగుతున్నాను. నన్ను వదిలిపెట్టు."

"వదిలేశాను," అన్నాడు భాయ్. "అల్లా సాక్షి. వదిలేశాను."

"అయితే నీ గహ్వా తాగు."

కొడుకు వేడిది పోయబోయాడు. భాయ్ వద్దని, ఆ చల్లారినదే తాగాడు. చిన్న కప్పే, కానీ తాగడానికి చాలాసేపు పట్టింది.

తర్వాత కొడుకు మమ్మల్ని తోటలోకి తీసుకెళ్లి బావి చోటు చూపించాడు. రాళ్ల కుప్ప, దాని పక్కన ఒక తుమ్మచెట్టు. ఎదురుగా బురుజు, నున్నగా, ఏ లోటూ లేనట్టు. దగ్గరికి వెళ్లి చూస్తే పడమటి వైపు కొత్త మట్టి రంగు కాస్త లేతగా ఉంది. కొరికిన చోటు వంపు తిరిగి స్పష్టంగా తెలుస్తోంది. భాయ్ ఆ గీత మీద వేలు గాల్లోనే నడిపించాడు. "ఇదే," అన్నాడు. ఈసారి కాదేమో అనలేదు.

బండి దగ్గర కొడుకు వెనక ఉన్న మోటార్లు చూశాడు. బోరుకు ఒకటి కావాలన్నాడు. ధర చెప్పాను. అందులో సగమన్నాడు. నవ్వుతూ అన్నాడు, కానీ అన్నాడు. నా నోరు తెరుచుకుంది. భాయ్ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఊరికే నన్ను చూస్తూ ఉన్నాడు. కంపెనీకి పడిన ధరకే ఇచ్చేశాను. పది మీటర్ల పైపు కూడా ఇచ్చాను, అది ఎందుకిచ్చానో ఇప్పటికీ తెలియదు.

"నీ జన్మలో మొదటి బోణీ గదా శెట్టీ ఇది, లాభం లేకుండా?" అన్నాడు భాయ్ రోడ్డెక్కాక.

"నాష్టా తిందాం రా. నేనిస్తా."

"ఎప్పుటికీ మతికి పెట్టుకుంటా."

తొమ్మిది రోజులకు ఆయన వెళ్లిపోయాడు. విమానాశ్రయంలో అందరినీ అడిగినట్టే నన్నూ అడిగాడు, కహా సునా మాఫ్ అని. చేశానన్నాను. "నీ నాష్టాలు గూడా నేను మాఫ్ చేసినాలే," అని భుజం తట్టి లోపలికి పోయాడు.

లెక్క రాస్తున్నాను, ఉన్నదున్నట్టు. లైను మార్పిడికి పోయినది: సగం బోనసు, ప్రతి నెలా కమీషనులో మూడో వంతు. మోటారు మీద లాభం: సున్నా. పైపు పది మీటర్లు: నా జేబులోంచి. వచ్చినది: పదకొండు బురుజులు ఎవరు కట్టారో, ఎవరికి భయపడి కట్టారో తెలిసింది. దీనికి మా నాన్న పద్దులో గడి లేదు, నేనూ గీయలేదు. మేనేజరును పాత లైను తిరిగివ్వమని అడగలేదు. అడిగితే మిగతా సగం బోనసు కూడా అడుగుతాడు, అది ఒక కారణం. జుల్ఫీ పట్టణం వైపు బురుజులు ఇంకా చూడలేదు, అది రెండోది.

ఇక నాష్టాలు. తిన్నవి పదకొండు, పెట్టినది ఒకటి. ఆయన మాఫ్ చేశానన్నాడు నిజమే. కానీ నేను అడగలేదు, కప్పు కింద పెట్టలేదు. అడగనిది ఇచ్చినా అది చెల్లినట్టు కాదు.

బాకీ: పది.